ఎడమ చేతి వాచీకి ఒక ఫిర్యాదు

అడుగులు లెక్కపెట్టే స్మార్ట్ వాచీకి,

ఉభయకుశలోపరి. నా కుశలం నాకన్నా ముందు నీకే తెలుస్తుంది కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

నిన్ను ఎడమ చేతికి కట్టుకోవడంతోనే నాకు అన్యాయం మొదలైంది. మా ఇంట్లో బరువు పనంతా కుడి చేతిది. వేడి అన్నంలో ముద్దపప్పు మెదిపి, ఆవకాయ పిండి ప్రతి మెతుకుకీ పట్టేలా కలిపి, నెయ్యి మోచేతికి కారకుండా ముద్దని నోటిదాకా ఎత్తాలంటే భుజం నుంచి చిటికెన వేలి దాకా అన్నీ పనిచేయాలి. ఆ సేపంతా నువ్వు నా ఒళ్లో హాయిగా పడుకుని, కదలిక లేదని రాసుకుంటావు.

పోనీ, పెళ్లి బఫేలోనైనా న్యాయం చేశావా? పులిహోర నుంచి జిలేబీకి, జిలేబీ నుంచి మళ్లీ బిర్యానీకి హాలంతా ప్రదక్షిణలు చేశాను. ప్లేటు పట్టుకున్న చెయ్యి ఊగలేదని సగం అడుగులు వదిలేశావు. తిండి నేను తింటే, అడుగులు నువ్వు తిన్నావు.

బంతి భోజనంలో మరీ ఘోరం. బాసింపట్టు వేసుకుని, రెండోసారి సాంబారు పోయించుకుంటుంటే 'లేచి కాస్త కదలండి' అని వణికావు. పక్కవాళ్ల భోజనం కాకుండా విస్తరి ముందు నుంచి లేవకూడదని నీకెవరూ చెప్పలేదా?

దవడల సంగతి అసలే పట్టదు నీకు. తేగ నమలడం, చెరుకు గడ పళ్లతో చీల్చడం, మూలుగ బొక్కని కంచానికేసి కొట్టి పీల్చడం ఏ ఖాతాలో వేశావు? గుంటూరు మిరపకారం తగిలి చెమటలు పట్టి, గుండె దడదడలాడితే ఆ అంకె చూపించావు, సంతోషం. జిమ్‌లో అయితే అదే అంకెకి చప్పట్లు కొట్టేదానివి.

సైన్సు కావాలా? తిన్నదాంట్లో సుమారు 10 శాతం శక్తి అరిగించుకోడానికే ఖర్చవుతుంది. మాంసకృత్తులకైతే 20 నుంచి 30 శాతం. అంటే కోడికూర ఎంత వేసుకుంటే అంత కసరత్తు. మిగతా శాతం గురించి అడగకు, అది నిల్వల శాఖ చూసుకుంటుంది.

ఇక నువ్వు పట్టుకు వేలాడే ఆ పదివేల అడుగులు. అదేమైనా వైద్యులు పరిశోధించి తేల్చిన లెక్కా? 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్ముకోడానికి దాని పేరులో పెట్టిన గుండ్రటి అంకె. అమ్మకానికి వాళ్లొక అంకె అనుకోగా లేనిది, నేను రోజుకు పది ముద్దపప్పు ముద్దలని పెట్టుకుంటే తప్పేంటి? దాటిన రోజున నీ తెర మీద బాణసంచా కాలాలి.

ఈ ఆదివారం నాటుకోడి పులుసు, గారెలు. నిన్ను కుడి చేతికి మారుస్తున్నాను. నీళ్లలో మునిగినా ఏమీ కాదని నీ పెట్టె మీద రాశారు. పులుసు గురించి రాయలేదు.

ఇట్లు,
నీకు రోజూ ఛార్జింగ్ పెట్టే శ్రమజీవి