చూపు లేనివాళ్ళకి పసుపు రంగు ఎందుకంటారా?

వారం రోజుల్లో మూడు గ్రూపుల నుంచి అదే ఫార్వర్డ్ వచ్చింది. ఫుట్‌పాత్ మీద చూపు లేనివాళ్ళకి దారి చూపడానికి వేసే ఉబ్బెత్తు పసుపు టైల్స్ వరస నేరుగా వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మెకు గుద్దుకున్న ఫొటో. కింద ఇలా రాసి ఉంది: "చూపు లేనివాళ్ళకి పసుపు రంగు ఎలా కనిపిస్తుంది? ఇదంతా కాంట్రాక్టర్ల మేత. కర్ర పట్టుకుని ఫోన్ చూసుకునేవాళ్ళంతా దొంగ సర్టిఫికెట్ల బాపతే. అయినా ఇప్పుడు అన్నిటికీ యాప్‌లున్నాయి, ఇవి దేనికి?" మూడోసారి పంపింది మా పెద్దమామయ్య. నా కళ్ళ సంగతి తెలిసీ పంపాడు, నవ్వే బొమ్మతో సహా. అందుకే ఈ జవాబు.

ముందు రంగు సంగతి. చూపు ఉండటానికీ, బొత్తిగా లేకపోవడానికీ మధ్య చాలా దూరం ఉంది. మాలాంటివాళ్ళం ఆ మధ్యలో ఉంటాం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం అంధత్వాన్ని వేరుగా, తక్కువ చూపును వేరుగా నిర్వచించింది. అద్దాలు పెట్టుకున్నా మెరుగైన కంటి చూపు 6/18 కన్నా తగ్గి 3/60 దాకా ఉంటే తక్కువ చూపు. 3/60 అంటే, మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 3 మీటర్ల దగ్గరికి వెళ్తే తప్ప చదవలేకపోవడం. అంత చూపులో అక్షరం అలుక్కుపోయినా, నల్లటి నేల మీద పసుపు చార మాత్రం తెలుస్తుంది. గీతల టైల్ అంటే నడవమని, చుక్కల టైల్ అంటే ఆగమని. వీటిని 1965లో తయారుచేసింది జపాన్‌కు చెందిన సెయిచి మియాకే. 1967 మార్చి 18న ఒకాయామా నగరంలో మొదటిసారి రోడ్డు మీద వేశారు. ఉబ్బు ఉన్నది పాదానికీ, కర్రకూ తెలియడానికి. రంగు ఉన్నది మిగిలిన చూపు కోసం. ఈ మధ్య అందం కోసమని బూడిదరంగు గ్రానైట్ మీద స్టీలు బొడిపెలు బిగిస్తున్నారు. చూడ్డానికి బాగుంటాయట. నాకు మాత్రం అక్కడ ఏమీ ఉన్నట్టే ఉండదు.

ఇదేమీ మనకు కొత్త కాదు. చిన్నప్పుడు మా ఇంట్లో నాపరాళ్ళ గచ్చు మీద నేను కాలు తట్టుకుని పడని చోటు గడప ఒక్కటే. అమ్మ వారం వారం పసుపు రాసి బొట్లు పెట్టేది మరి.

ఇక దొంగలు. దొంగ సర్టిఫికెట్లు లేవని నేననను, ఉన్నాయి. కానీ ఫోన్ చూడటం దానికి రుజువు కాదు. నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటిజబ్బు. రేచీకటితో మొదలై, చూపు అంచుల నుంచి లోపలికి తరిగిపోతూ వస్తుంది. ఇప్పుడు నేను లోకాన్ని గొట్టంలోంచి చూస్తున్నాను. ఫోన్ తెర ఆ గొట్టంలో సరిపోతుంది, కాళ్ళ దగ్గరి మెట్టు సరిపోదు. పాత పేపరు చుట్టి రెండు కళ్ళకూ పెట్టుకుని మెట్లు దిగి చూడండి. వద్దులెండి, పడతారు. ఒకసారి స్టేషన్‌లో ఒక పెద్దాయన, "ఏం బాబూ, కర్ర పట్టుకుని మెసేజీలు చదువుతున్నావే?" అన్నారు. చెబుదామనుకునేలోపు నా రైలు వచ్చేసింది. నా స్నేహితుడిది దీనికి తలకిందులు. అతనికి కంటి వెనక పొర నడిమి భాగం, అంటే మాక్యులా, దెబ్బతిని నడిమి చూపు పోయింది. కర్ర లేకుండా చకచకా నడుస్తాడు, కానీ ఎదురుగా ఆగిన బస్సు బోర్డు చదవలేడు. "ఇది ఏ నంబరండీ?" అని అడిగితే, "కళ్ళు కనపడట్లేదా?" అంటారు. అవునని చెబితే నమ్మరు.

యాప్‌ల మాటకొస్తే, రిజర్వ్ బ్యాంకు 2020 జనవరిలో తెచ్చిన 'మణి' యాప్ నోటు ఎంతదో చెబుతుంది. మంచిదే. ఆ స్నేహితుడికి కిక్కిరిసిన బస్సులో, కండక్టర్ చెయ్యి చాచి నిలబడితే ఫోన్ తీసి నోటు ఫొటో తియ్యాలంటే టెన్షన్. 20 నోటుదీ పసుపు ఛాయే, 200దీ పసుపే. ఆ యాప్‌లు కూడా అందరివీ కాలేదు. కెవైసీ కోసం, అంటే మనమెవరో రుజువు చేసుకోవడానికి, కెమెరా ముందు కన్ను ఆర్పమంటే ఎలాగని కొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళాల్సి వచ్చింది. డిజిటల్ సేవలు అందడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న కోర్టు తేల్చింది. అయినా ఏ యాప్ వచ్చి బ్యాంకు మెట్టు అంచుకు రంగు వేస్తుంది? తన శుక్లం ఆపరేషన్‌కు ముందు అదే మెట్ల దగ్గర నా భుజం పట్టుకుని దిగింది మామయ్యే. ఇద్దరం కలిసి ఒక మెట్టు తప్పాం.

కాంట్రాక్టర్ల మేత అన్నదాంట్లో కొంత నిజముంది, తప్పు మాత్రం టైల్‌ది కాదు. పాత ప్రభుత్వ భవనాలను అయిదేళ్ళలో అందరికీ అనువుగా మార్చాలని చట్టం చెప్పింది. 2017లో నియమాలు వచ్చాయి, 2022లో ఆ గడువు దాటింది. చూపు లేని రాజీవ్ రాటూరి వేసిన కేసులో, హైదరాబాద్ నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్ళ నివేదిక కూడా చూసి, సుప్రీంకోర్టు 2024 నవంబరు 8న తీర్పు ఇచ్చింది. ప్రమాణాలను ఇష్టముంటే పాటించే సలహాలుగా వదిలేసిన, ఆ 2017 నియమాల్లోని 15(1) నియమం చెల్లదంది, తప్పనిసరి నియమాలు రాయమంది. టైల్స్ దిమ్మెలోకి దారితీసేది ఇలాంటి సడలింపుల వల్లే.

మామయ్యా, ఆ ఫొటో ఏ ఊరిదో, ఏ వీధిదో కాస్త కనుక్కుని చెప్పు. ఫిర్యాదు నేను రాస్తాను, నువ్వు సంతకం పెట్టు.