గొడవంతా బేస్‌లైన్ దగ్గరే

బెంగళూరు కాలేజీలు ఎస్కోతో, అంటే తన ఖర్చుతో కరెంటు ఆదా చేసే పరికరాలు పెట్టి మిగిలిన డబ్బులో వాటా తీసుకునే కంపెనీతో, ఒప్పందం చేసుకుంటే సొంత పెట్టుబడి లేకుండానే కరెంటు బిల్లు తగ్గుతుందని అంటున్నారు. నిజమే, కానీ కనీసం 12 నెలల బిల్లులతో బేస్‌లైన్ (ఆదాను పోల్చి చూసే పాత వాడకం లెక్క) కట్టి, సెలవులకూ హాస్టల్ సంఖ్యకూ సర్దుబాటు ఎలాగో ముందే రాసుకోవాలి. లేదంటే ఖాళీ హాస్టల్లో తగ్గిన యూనిట్లకూ కంపెనీకి వాటా ఇచ్చుకోవాల్సి వస్తుంది.

75 వాట్ల పాత ఫ్యాన్ బదులు 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే మోటారున్న) ఫ్యాన్ పెడితే, 10 గంటలకు 0.45 యూనిట్ మిగులు. వెయ్యి ఫ్యాన్లకు రోజుకు 450. పాత రెగ్యులేటర్ తప్పక తీసేయాలి, ఉంచితే కొత్త ఫ్యాన్ లోపలి సర్క్యూట్ బోర్డు దెబ్బతినొచ్చు. రిమోట్లా? హాస్టల్లో నెల నిలవవు, గోడ స్విచ్‌తో వేగం మారే రకం అడగండి.

హెచ్‌టీ (హై టెన్షన్) కనెక్షనైతే కాంట్రాక్ట్ డిమాండ్ (ఒప్పందంలో రాసుకున్న గరిష్ఠ లోడ్) తగ్గించమని బెంగళూరు విద్యుత్ సంస్థ బెస్కామ్‌కు దరఖాస్తు పెట్టండి. అది మరిచిపోతే గరిష్ఠ లోడ్‌పై వేసే డిమాండ్ చార్జీలో మిగలాల్సింది పూర్తిగా మిగలదు.