గట్టిగా ఉంటే సరిపోదు
కాలిన గాయాలకు వేసే కృత్రిమ చర్మం మీద మీ వ్యాసంలో, గ్లుటరాల్డిహైడ్ అనే రసాయనం ఎంత ఎక్కువ కలిపితే కొల్లాజెన్ (చర్మానికి బలమిచ్చే ప్రోటీన్) చట్రం అంత మేలన్నట్టు రాశారు, అక్కడే నాకు పేచీ. ఆ రసాయనం కొల్లాజెన్ పోగుల్ని ముడివేసి, పుండులోని ఎంజైములకు తొందరగా కరిగిపోకుండా ఆపే మాట నిజమే. కానీ మోతాదు మించినా, సరిగా కడగక మిగిలిపోయినా కొత్తగా చేరే కణాలకే విషం. పైగా ఆ చట్రం కలకాలం ఉండటానికి కాదు కదా, మన కణాలు సొంత కొల్లాజెన్ అల్లుకునేదాకా ఉంటే చాలు. 1981లో అమెరికాలో సర్జన్ బర్క్, పరిశోధకుడు యానస్ వెల్లడించిన కృత్రిమ చర్మంలో ఆవు కొల్లాజెన్‌కి సొరచేప మృదులాస్థి నుంచి తీసిన కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే చక్కెర జాతి పదార్థం కూడా జోడించారు. విజయనగరంలో మా మేనత్తకి స్టవ్ పేలి మోచెయ్యి కాలితే తొడ చర్మం పల్చగా తీసి అతికించారు. గాయం మానింది గానీ మడత దగ్గర బిగుసుకుపోయి, ఇప్పటికీ తన జడ తను అల్లుకోలేదు. అలాంటి చోటికి కావాల్సింది సాగే గుణం. చర్మానికి ఆ గుణమిచ్చే ఎలాస్టిన్ అనే ప్రోటీన్ కలిపే రకాల గురించి వ్యాసంలో ఒక్క ముక్కైనా ఉండాల్సింది.