ఫైల్లో తండ్రి, బరిలో కొడుకు

జాన్ షాలికష్విలీ ఇవాళ వీసా మీద ఉన్న విదేశీయుడిగా అమెరికా సైన్యంలో మామూలు సిపాయిగా చేరతానని వెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారు. 1993 నుంచి 1997 దాకా అదే సైన్యంలో అందరికంటే పై కుర్చీలో, జాయింట్ చీఫ్స్ చైర్మన్‌గా కూర్చున్న మనిషి గురించే నేను ఈ మాట అంటున్నాను. పరాయి దేశంలో పుట్టి ఆ కుర్చీ ఎక్కిన మొదటివాడు ఆయనే.

పుట్టింది 1936లో, వార్సాలో. తండ్రి జార్జియా వదిలి వచ్చిన సైనికాధికారి. 1944లో నగరం నేలమట్టమవుతుంటే ఎనిమిదేళ్ల ఆ పిల్లాడు, పశువుల్ని తరలించే రైలు పెట్టెలో జర్మనీ చేరాడు. 1952లో కుటుంబంతో ఇల్లినాయ్‌లోని పియోరియాకు వచ్చాడు. 1958 మేలో పౌరసత్వం ఇచ్చారు. అంతకుముందు ఇరవై ఒక్కేళ్ల పాటు అతన్ని మావాడని ఏ దేశమూ అనలేదు. ఇంజినీరింగ్ డిగ్రీ చేతికొచ్చింది, ఉద్యోగంలో చేరదామనుకుంటుండగా కొద్ది వారాలకే నిర్బంధ సైనిక సేవకు రమ్మని కాగితం వచ్చింది. వెళ్లాడు, ముప్పై తొమ్మిదేళ్లు ఉండిపోయాడు.

1993 ఆగస్టులో క్లింటన్ ఆయన పేరు ప్రకటించిన కొద్ది రోజులకే పాత కాగితాలు బయటపడ్డాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తండ్రి జర్మన్ల పక్షాన, చివర్లో నాజీల సాయుధ దళం వాఫెన్ ఎస్ఎస్ కింద పనిచేశాడని వాటి సారాంశం. ఆ సంగతి తనకు తెలియదన్నాడు కొడుకు. సెనేట్ ఆయన్నే ఖాయం చేసింది. తండ్రి చేసింది తండ్రి ఖాతాలో, కొడుకు చేసింది కొడుకు ఖాతాలో రాసుకుంది.

ఇప్పుడు అమెరికా సైన్యం పెట్టిన మావ్నీ పథకం చూడండి. వీసాల మీద ఉన్న విదేశీయుల్ని వాళ్ల భాషల కోసం, వైద్యం కోసం సైన్యంలోకి పిలిచారు. పది వేల మందికి పైగా చేరారు, వాళ్లలో మన దేశం వాళ్లూ ఉన్నారు. 2016లో కొత్త చేరికలు ఆపేశారు. అప్పటికే సంతకం పెట్టినవాళ్లను నేపథ్య విచారణ పేరుతో ఏళ్లకేళ్లు తిప్పారు. 2018కల్లా కొందరిని బయటికి పంపేశారు. విదేశాల్లో బంధువులున్నారు కాబట్టి మీతో ప్రమాదం అని చెప్పారట. వలస వచ్చినవాడికి బంధువులు విదేశాల్లో కాక ఇంకెక్కడుంటారు?

రహస్యాలు చేతికిచ్చే ముందు ఎవరినైనా జల్లెడ పట్టాల్సిందే అంటారు, ఒప్పుకుంటాను. పట్టండి. కానీ ఆ జల్లెడలో పడాల్సింది ఆ మనిషి చేసిన పనులు. వాళ్ల నాయనమ్మ ఏ ఊళ్లో ఉంటోందన్నది కాదు.

పనులంటే ఎలాంటివి? 1991 వసంతంలో సద్దాం సైన్యానికి భయపడి లక్షలాది కుర్దులు ఇరాక్-టర్కీ సరిహద్దు కొండల మీద చలిలో చిక్కుకుపోయారు. విమానాల నుంచి ఆహారం మూటలు పడేస్తే, అవి మీద పడి కూడా కొందరు చనిపోయారు. ఆ సహాయానికి నాయకత్వం వహించింది షాలికష్విలీ. మూటలు జారవిడిస్తే సరిపోదు, జనాన్ని కొండ దించి ఇళ్లకు చేర్చాలన్న దిశగా పని సాగింది. వేసవికల్లా ఎక్కువమంది వెనక్కి వెళ్లారు. పశువుల పెట్టెలో కూర్చున్న జ్ఞాపకం ఉన్నవాడికి ఆ కొండ మీది పిల్లలు అంకెల్లా కనపడరు. ఇది రుజువు చెయ్యలేను, కానీ గట్టిగా నమ్ముతాను. ఆయన సేవకు బలం ఇచ్చింది అందరూ అనుమానించే ఆ గతమే.

అమెరికాను తిట్టి చేతులు దులుపుకోవడం మనకు తేలిక. మన దగ్గర స్థానికత సంగతేంటి? 2024లో తెలంగాణ మెడికల్ సీట్ల గొడవ గుర్తుంది కదా. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్లలు ఇంటర్ రెండేళ్లు విజయవాడలో చదివిన పాపానికి నాన్ లోకల్ అయిపోయారు. ఆ నిబంధన సబబే అని నాతో వాదించిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన కొడుకు పదేళ్లుగా డాలస్‌లో గ్రీన్‌కార్డు లైన్లో ఉన్నాడు, ఆ దేశం ఎంత అన్యాయమో రోజూ చెబుతారు. మొన్న ఆయనకు షాలికష్విలీ కథ మొత్తం చెప్పాను. శ్రద్ధగా విన్నారు. అంతా అయ్యాక అడిగారు: "బాగుంది గానీ, ఇంతకీ ఆయనది అసలు ఏ ఊరు?"