కట్ట వేస్తే కొండనైనా మోస్తుంది

పికప్ బండ్ల కంపెనీలు ఇంజనీర్లకు ఇచ్చే జీతాలు శుద్ధ దండగని ఎవరో ఒకరు ధైర్యంగా చెప్పాలి. వాళ్లు ఏళ్ల తరబడి లెక్కలు కట్టి, ఈ బండి టన్నున్నర మోస్తుందని పుస్తకంలో రాసి పంపుతారు. బండి షోరూమ్ నుంచి సరాసరి ఆటోనగర్‌కి వెళ్తుంది. ఓనరు టీ తాగి వచ్చేసరికి వెనక కమానుకు, అంటే బరువు మోసే ఉక్కుపట్టీల స్ప్రింగుకు, ఇంకో రెండు కట్టలు (పట్టీలు) పడి, యూ బోల్టులు బిగిసి, మూడు టన్నుల బండి సిద్ధం.

కట్టలు పెరిగితే ఎంత లోడు వేసినా వెనక భాగం కుంగదు. కుంగని బండిలో ఓవర్‌లోడ్ ఉండదు. వెనక యాక్సిల్ తొడుగైన హౌసింగ్ పాతదే, దాని లోపల చక్రాలను తిప్పే యాక్సిల్ రాడ్లు పాతవే, హబ్ బేరింగులూ బ్రేకు డ్రమ్ములూ పాతవే కదా అని కొందరు సణుగుతారు. వాళ్లు ఉద్యోగాలు చేసుకోవడం మంచిది.

బ్రేకు విషయంలో మాత్రం చిన్న పేచీ ఉంది. కొన్ని పికప్‌లలో వెనక యాక్సిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య కడ్డీతో కలిపిన ఒక వాల్వు ఉంటుంది. లోడుకు వెనక భాగం దిగితే కడ్డీ కదిలి, వెనక చక్రాలకు బ్రేకు ప్రెషర్ పెంచుతుంది. మన కట్టల పుణ్యాన బండి దిగదు. ఖాళీగా పోతున్నామనుకుని ఆ అమాయకపు వాల్వు వెనక బ్రేకును పొదుపుగా వాడుతుంది. మదనపల్లె టమాటా క్రేట్లతో భాకరాపేట ఘాట్ దిగేటప్పుడు డ్రైవరుకు కలిగే దైవచింతన సామాన్యమైనది కాదు.

ఇక మెయింటెనెన్స్. హౌసింగ్ లోపల క్రౌన్, పినియన్ అనే గేర్ల పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ తిరుగుతాయి కాబట్టి, ఆ ఒత్తిడికి ఆగే జీఎల్-5 రకం గేరాయిల్ పోయాలని కంపెనీ మాట. మన సూత్రం అంతకంటే తేలిక: ఆయిల్ కారుతోందంటే లోపల ఉన్నట్టే. కారడం ఆగి, వెనక నుంచి మూలుగు మొదలైతే పాటల సౌండ్ కాస్త పెంచితే సరి.

హౌసింగ్ మీద గాలి బయటికి పోవడానికి బ్రీదర్ అని వేలెడంత ముక్క ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే లోపల వేడెక్కిన గాలికి దారి లేక ఆయిల్‌ను సీళ్ల మీదుగా తోస్తుంది. ఆ ఆయిల్ పోయి బ్రేకు లైనింగులను తడుపుతుంది. తుడవడానికి గుడ్డపేలిక చాలు. పైసా ఖర్చులేని పని కాబట్టే ఎవరూ చేయరు. బంపర్‌కి నిమ్మకాయలు మాత్రం వేళ తప్పకుండా మారతాయి.

చట్టం కూడా ఉంది. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి 20 వేల జరిమానా, అదనపు టన్నుకు మరో 2 వేలు, పైగా ఎక్కువైన సరుకు దింపించాలి. అందుకే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ఏ రోడ్డు మీద ఉన్నాడో తెలిసినవాడే మనకు మంచి డ్రైవరు.

ఓనరును తిట్టి మాత్రం లాభం లేదు. కిరాయి మాట్లాడేది ట్రిప్పుకు, సరుకు ఎక్కించేది పట్టినంత. ఐదో తారీఖున కట్టాల్సిన ఈఎంఐ యాక్సిల్ రాడ్డును అడిగి రాదు. "ఇంకో పది క్రేట్లు పడతాయి కదన్నా" అనే వ్యాపారి ఆ రాడ్డును జీవితంలో చూసి ఉండడు.

అయినా ఏదో ఒక రోజు అది విరుగుతుంది. తప్పు నూటికి నూరుపాళ్లూ కంపెనీదే కనుక వారంటీ గట్టిగా అడగాలి. అడగడానికి వెళ్లేముందు ఆ రెండు కట్టలూ విప్పించడం మర్చిపోకూడదు.