గ్యారంటర్ అంటే సాక్షి కాదు

'బ్యాంకు ఇంగ్లీషు మాటలకు తేట తెలుగు అర్థాలు, మన రైతులకు, అక్కచెల్లెళ్లకు అందేలా పంపండి' అనే మెసేజ్ ఈ నెలలో నాకు నాలుగుసార్లు వచ్చింది. మొదటి రెండుసార్లు పంపినవాళ్లకే విడిగా తప్పులు చెప్పి ఊరుకున్నాను. నిన్న మా బంధువుల గ్రూపులో మళ్లీ పడింది, కింద వరసగా దండాలు పెట్టే బొమ్మలు. ఇక అందరికీ కలిపి ఇక్కడే చెబుతున్నాను.

'మార్జిన్ అంటే బ్యాంకు లాభం.' కాదు. ఇల్లో బండో కొన్నప్పుడు మన చేతి నుంచి పెట్టుకోవాల్సిన వాటా.

'ఫోర్‌క్లోజర్ అంటే ఇల్లు జప్తు చేయడం.' అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఆ అర్థమే సరైంది. మన బ్యాంకుల్లో ఆ మాటకు గడువుకంటే ముందే బాకీ మొత్తం తీర్చి లోను మూసేయడం అని అర్థం. డబ్బు చేతికొచ్చి ముందే కట్టేద్దామనుకున్న మనిషి ఈ మెసేజ్ చదివితే, ఫోర్‌క్లోజర్ కాగితం అడగడానికే భయపడతాడు.

'రైట్ ఆఫ్ అంటే రుణమాఫీ.' మాఫీ అంటే మనకు తెలుసు. 2014లో రెండు రాష్ట్రాల్లో, 2024లో తెలంగాణలో పంట రుణాలకు జరిగింది అదే, రైతు బదులు ప్రభుత్వం కట్టడం. రైట్ ఆఫ్ అంటే వసూలు కష్టమని బ్యాంకు తన పద్దుల్లోంచి తీసేయడం మాత్రమే. బాకీ పోదు, వసూలూ ఆగదు.

'మారటోరియం అంటే ఆ నెలల వడ్డీ ఉండదు.' 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా కిస్తీలు ఆపుకునే వీలిచ్చారు. వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. సుప్రీంకోర్టు 2021 మార్చిలో వడ్డీ మీద వేసిన వడ్డీని వదిలేయమంది గానీ, అసలు వడ్డీని మాఫీ చేయలేదు. అప్పుడు దెబ్బతిన్నవాళ్లు మన చుట్టూ ఇంతమంది ఉండగా మళ్లీ ఇదే మాట ఎలా పంపుతారు?

'ఫ్లాట్ రేట్ అంటే మారని వడ్డీ, కాబట్టి మంచిది.' లక్ష రూపాయలు ఏడాదికి 12 శాతం ఫ్లాట్ మీద తీసుకున్నారనుకోండి. వడ్డీ 12,000, నెలకు 9,333 చొప్పున పన్నెండు కిస్తీలు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం చివరిదాకా పూర్తి లక్ష మీదే వేశారు. తగ్గే బాకీ మీద లెక్కేస్తే ఇది దాదాపు 21.5 శాతం. మన ఊరి లెక్కలో రూపాయి వడ్డీ అనుకుని తెచ్చుకున్న అప్పు రూపాయి ముప్పావలా పైన పడుతుంది.

వీటన్నిటినీ ఎలాగో సహించగలను. ఆ మెసేజ్‌లో ఐదో నంబరు వేసి రాసిన మాట మాత్రం నా వల్ల కాదు. 'గ్యారంటర్ అంటే సాక్షి.'

మన దగ్గర ప్రోనోటు రాస్తే కింద ఇద్దరు సాక్షులు సంతకం పెడతారు. అప్పు తీరకపోతే వాళ్లు కోర్టుకొచ్చి 'మా ఎదురుగానే రాసిచ్చాడు' అని చెబితే చాలు, పైసా కట్టక్కర్లేదు. మా చిన్నాన్న అలాంటి సంతకమే అనుకుని స్నేహితుడి ట్రాక్టర్ లోనుకు బ్యాంకుకెళ్లి పెట్టొచ్చాడు. అక్కడ ఆయనతో వాళ్లు అన్న మాట కూడా 'సాక్షి సంతకం' అనే. రెండేళ్లకు నోటీసు ఆయన పేరునే వచ్చింది. 'నేను సాక్షిని బాబూ' అని ఆ కాగితం పట్టుకుని ఎన్ని గడపలు తిరిగాడో. చివరికి పిన్ని గాజులు తాకట్టు పెట్టి కట్టాడు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో హామీ ఉన్నవాడికీ అంతే. ముందు అతన్ని అడిగి, అతని దగ్గర రాకపోతేనే మన దగ్గరికి రావాలనే నియమం బ్యాంకుకు లేదు. ఆ లోను మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టులోనూ కనిపిస్తుంది. మనం కట్టిన డబ్బు అతని నుంచి రాబట్టుకునే హక్కు చట్టం ఇస్తుంది, కానీ కట్టలేకే చేతులెత్తేసినవాడి దగ్గర ఏం రాబడతాం?

దీనికి తెలుగులో మాట లేదా? పూచీ ఉంది, జామీను ఉంది. చిట్టీ పాడినవాడికి షూరిటీ పెట్టే ప్రతి ఇంట్లో ఆ బరువు తెలుసు. 'గ్యారంటర్ అంటే పూచీ పడేవాడు, వాడు కట్టకపోతే నువ్వు కట్టాలి' అని రాయడానికి ఎంత చోటు పడుతుంది?

ఒక విషయం ఒప్పుకోవాలి. ప్రిన్సిపల్‌కు ఈ మెసేజ్ 'అసలు' అని రాసింది. చాలా బ్యాంకు కాగితాల్లో కనిపించే 'మూలధనం' కంటే అది నూరు రెట్లు నయం. తెలుగులో కాగితాలు ఇవ్వరెందుకని చివర్లో అడిగిన ప్రశ్న కూడా న్యాయమైనదే. 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే రిటైల్ లోన్లకు వడ్డీ, చార్జీలు అన్నీ కలిపిన వార్షిక రేటుతో ముఖ్య వివరాల పత్రాన్ని అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, చదివి వివరించాలని రిజర్వు బ్యాంకు నియమం పెట్టింది. తెలుగులో కావాలని అడగండి, సంతకం అది చదివాకే పెట్టండి.

ఈ మెసేజ్‌ను ఇప్పటికే పంపినవాళ్లు అదే గ్రూపులో, ఇవాళే, ఐదో నంబరు తప్పని రాయండి.