బాంబు వెనుక బారెడు తోక

విమానవాహక నౌకకు ఎవరి అనుమతీ అక్కర్లేదని నౌకాదళాలు గొప్పగా చెప్పుకుంటాయి. నాలుగున్నర ఎకరాల సొంత గడ్డ సముద్రం మీద తిరుగుతున్నట్టే కాబట్టి, అంతర్జాతీయ జలాల్లో దాన్ని అడ్డేవారు లేరన్నది వాటి వాదన. శత్రువు తీరం పక్కనే ఉంటే ఈ మాట చెల్లుతుంది. వందల మైళ్ల లోపల కొండల్లోనో, ఎడారిలోనో ఉన్న మిలిటెంట్ల మీదికి విమానాలు పంపాల్సి వచ్చేసరికి ఒక్కో పొరుగు దేశం గడపా తొక్కక తప్పదు. గత పాతికేళ్ల అమెరికా అనుభవం చెబుతున్నది ఇదే. మూడో విమానవాహక నౌక కావాలా వద్దా అని మనం తర్జనభర్జన పడుతున్నాం గనుక ఆ అనుభవాన్ని ఢిల్లీ శ్రద్ధగా చదవాలి.

2001 అక్టోబర్ 7న అఫ్గానిస్థాన్‌పై దాడులు మొదలైనప్పుడు దగ్గర్లో అమెరికా యుద్ధవిమానాలకు చోటిచ్చే దేశం దాదాపు లేదు. సౌదీ అరేబియా తన గడ్డ మీద నుంచి బాంబులతో ఎగరనివ్వలేదు. అరేబియా సముద్రంలో నిలిచిన ఎంటర్‌ప్రైజ్, కార్ల్ విన్సన్ నౌకలు ఆ లోటు తీర్చాయి. కిట్టీ హాక్ అయితే తన విమానాల్లో ఎక్కువ భాగాన్ని జపాన్‌లోనే వదిలివచ్చి, ప్రత్యేక దళాల హెలికాప్టర్లకు తేలే స్థావరంగా మారింది. తొలి నెలల్లో దాడికి వెళ్లిన విమానాల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు నౌకల మీద నుంచి లేచినవే.

నౌకాదళం కథను ఇక్కడితో ఆపేస్తుంది. మిగతా కథ పాకిస్థాన్ గగనతలంలో నడిచింది. ఇస్లామాబాద్ దారి ఇవ్వకపోతే ఆ విమానాలు కాందహార్ దాకా వెళ్లేవే కావు. పోయిరావడానికి ఆరు గంటలకు పైనే పట్టేది. ఇరుకు కాక్‌పిట్‌లో కదలకుండా కూర్చున్న పైలట్ దారిలో పలుమార్లు గాల్లోనే ఇంధనం నింపుకోవాలి. పెద్ద ట్యాంకర్ విమానాలేమో నౌకాదళానివి కావు, వాయుసేనవి. అక్కడా ఒక చిక్కుంది. అమెరికా వాయుసేన విమానాలకు ట్యాంకర్ నుంచి దిగే గట్టి గొట్టంతో ఇంధనం ఎక్కిస్తారు. నౌకాదళ విమానాలకు చివర బుట్ట ఉన్న, వేలాడే గొట్టం కావాలి. ఆ బుట్టలతో వచ్చిన బ్రిటిష్ వీసీ-10, ట్రైస్టార్ ట్యాంకర్లు అమెరికా నౌకాదళ పైలట్లను ఆదుకున్నాయి. ఇంతా చేసి, ఆ యుద్ధంలో పడిన బాంబుల్లో సింహభాగం డీగో గార్సియా దీవి నుంచి లేచిన బీ-52, బీ-1 బాంబర్లు వేసినవే!

2014 ఆగస్టు 8న ఇరాక్‌లోనూ ఇదే తంతు. జార్జ్ హెచ్.డబ్ల్యూ. బుష్ నౌక నుంచి లేచిన రెండు ఎఫ్‌ఏ-18 యుద్ధవిమానాలు ఉత్తర ఇరాక్‌లోని కుర్దుల నగరం ఎర్బిల్ దగ్గర ఐఎస్ (ఇస్లామిక్ స్టేట్) మిలిటెంట్ల ఫిరంగి ఒకదాని మీద 500 పౌండ్ల బాంబులు వేశాయి. ఆ తర్వాత 54 రోజుల పాటు దాడికి తమ నౌక తప్ప వేరే దిక్కు లేదని అమెరికా నౌకాదళం అంటుంది. టర్కీ తన ఇంజిర్లిక్ స్థావరం నుంచి దాడులకు ఒప్పుకున్నది 2015 జులైలో గానీ కాదు.

ఒక్క ఫిరంగి కోసం ఎంత బలగం కదలాలో చూడండి. నౌకలో దాదాపు 5,000 మంది ఉంటారు. అణు రియాక్టర్ నౌకను ఏళ్ల తరబడి నడుపుతుంది, విమానాలకు మాత్రం కిరోసిన్ జాతి ఇంధనమే కావాలి. దాంతోపాటు బాంబులను, కూరగాయలను మరో నౌక పక్కనే సమాన వేగంతో నడుస్తూ తాళ్లు, గొట్టాలు వేసి అందించాలి. డెక్ మీద ఇంధనం పట్టేవాళ్లకు ఊదా చొక్కాలు, బాంబులు తగిలించేవాళ్లకు ఎర్ర చొక్కాలు. వాళ్లకూ నిద్ర కావాలి కదా. అందుకే ఒక నౌక మామూలుగా రోజుకు పన్నెండు గంటల దాకా విమానాలు నడుపుతుంది. పగలూ రాత్రీ దాడి చేయాలంటే రెండోది రావాలి. లక్ష్యం దొరక్క తిరిగొచ్చిన పైలట్‌కు మరో లెక్క ఉంటుంది. మిగిలిన బాంబులు, ఇంధనం కలిపి బరువు పరిమితి దాటితే డెక్ మీద దిగకూడదు, కొంత సముద్రంలో పారేయాల్సిందే.

ఈ శ్రమ వృథా అని మేం అనం. ఎర్బిల్ నిలిచింది. నేల మీద కుర్దు పెష్మెర్గా సేన ఉంది కాబట్టి నిలిచింది. యెమెన్‌లో అమెరికాకు అలాంటి తోడు లేదు. 2025 మార్చి 15న అక్కడి సాయుధ తిరుగుబాటుదారులైన హౌతీలపై మొదలుపెట్టిన దాడులు మే 6న ఒమన్ మధ్యవర్తిత్వంతో ఆగాయి. రాజధాని సనా హౌతీల చేతిలోనే ఉండిపోయింది. ఆలోపు ట్రూమన్ విమానవాహక నౌక మూడు సూపర్ హార్నెట్ యుద్ధవిమానాలను పోగొట్టుకుంది. ఒకదాన్ని 2024 డిసెంబర్‌లో తమ క్రూయిజర్ యుద్ధనౌకే పొరపాటున కూల్చింది. ఇంకోటి లాగుతున్న ట్రాక్టర్‌తో సహా సముద్రంలో పడింది. మూడోది దిగేటప్పుడు ఆగలేకపోయింది. ఈ మూడింటిలో హౌతీలు నేరుగా కూల్చింది ఒక్కటీ లేదు. అయినా నష్టం నష్టమే.

ఈ గొడవ మన గుమ్మం దాకా కూడా వచ్చింది. 2024 జనవరిలో హౌతీ క్షిపణి తగిలి తగలబడుతున్న మార్లిన్ లువాండా ఆయిల్ ట్యాంకర్‌లో 22 మంది భారతీయ నావికులున్నారు. మంటలార్పడానికి ఐఎన్ఎస్ విశాఖపట్నం సిబ్బంది వెళ్లారు. అక్కడ పనికొచ్చింది ఒక డిస్ట్రాయర్ యుద్ధనౌక, దానిలోని మనుషులు.

మన విమానవాహక నౌకలు విక్రమాదిత్య, విక్రాంత్ రెండూ స్కీ జంప్ నౌకలు, అంటే డెక్ చివర పైకి వంగిన వాలు మీదుగా విమానం లేస్తుంది. విమానాన్ని ముందుకు విసిరే కేటపుల్ట్ యంత్రం లేదు కాబట్టి నిండుగా ఇంధనం, నిండుగా బాంబులు ఒకేసారి మోసుకుని విమానం పైకి లేవలేదు. లేచాక గాల్లో ఇంధనం పట్టడం అమెరికన్లకంటే మనకే ఎక్కువ అవసరం. నౌక మీద నుంచి ఎగిరే 26 రఫేల్ మెరైన్ యుద్ధవిమానాలకు 2025లో దాదాపు 63,000 కోట్ల రూపాయల ఒప్పందం కుదిరింది. ట్యాంకర్ల మాటకొస్తే 2003 నుంచి వచ్చిన ఇల్యూషిన్-78లు ఆరే ఉన్నాయి, అవీ వాయుసేనవి. ఎయిర్‌బస్ ట్యాంకర్లు కొనాలని రెండుసార్లు టెండర్ల దాకా వెళ్లి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. మూడో నౌక ఫైలు కేబినెట్ ముందుకు వెళ్లే రోజున ట్యాంకర్ల ఫైలు, సరఫరా నౌకల ఫైలు దానితో పాటే వెళ్లాలి. మూడింటికీ కలిపి ఎంతవుతుందో రక్షణ మంత్రి పార్లమెంటుకు చెప్పాలి.